పేరున్న బార్బెక్యూ, పొడిబారిన బ్రిస్కెట్: నా అనుభవం

ఆ రెస్టారెంట్ పేరు రాయను. ఒక్క పూట తిన్న తిండిని పట్టుకుని, రాత్రంతా మేలుకుని నిప్పు కాసే మనుషుల మీద మచ్చ వేయడం నాకిష్టం లేదు. కానీ ఆ పూట ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో మాత్రం వివరంగా చెప్పాలి. టెక్సస్‌కు చుట్టపుచూపుగా వచ్చే మనవాళ్లు చాలామంది ఇప్పుడు పేరున్న బార్బెక్యూ (కట్టెల వేడి, పొగ మీద నిదానంగా వండే మాంసం) రెస్టారెంట్ల ముందు లైన్లలో నిలబడుతున్నారు. డబ్బు బాగానే పోస్తున్నారు. తిన్నాక "ఇంత పేరు దీనికా" అనుకుని, బార్బెక్యూ అంటే ఇంతే కాబోలని ఊరుకుంటున్నారు. అది బార్బెక్యూ తప్పు కాదు.

మేముండేది ఆస్టిన్‌కు ఉత్తరాన, రౌండ్ రాక్‌లో. ఇంటి వెనక ఒక ఆఫ్‌సెట్ స్మోకర్ ఉంది. పక్కనున్న చిన్న పెట్టెలో కట్టెలు మండుతుంటే ఆ వేడీ పొగా పెద్ద పెట్టెలోకి పాకి, అక్కడున్న మాంసాన్ని నిదానంగా ఉడికిస్తాయి. వీలు దొరికిన వారాంతాల్లో దాని మీద బ్రిస్కెట్ (పశువు రొమ్ము మాంసం) వండుతుంటాను. అందువల్ల ఈ వంటలో ఏది ఎక్కడ చెడుతుందో నాకు కొంత తెలుసు.

వేసవిలో ఒంగోలు నుంచి అక్కా బావగారూ వచ్చారు. బావగారు అన్నీ తింటారు. అక్క బీఫ్ ముట్టదు. విమానం ఎక్కకముందే బావగారు యూట్యూబ్‌లో ఈ రెస్టారెంట్ వీడియోలన్నీ చూసేశారు. నల్లటి పెచ్చు కట్టిన మాంసాన్ని కత్తితో కోయగానే రసం బల్ల మీదికి కారడం, ఆ ముక్కను వేలి మీద వేలాడదీస్తే విరగకుండా వంగడం, ఇవన్నీ ఆయన నాకే చెబుతున్నారు. "ఇంట్లో నువ్వు వండేది తర్వాత తింటాను గానీ, ముందు అక్కడికి తీసుకెళ్లు" అన్నారు. అక్క మాత్రం "ఒరేయ్, అక్కడ నాకు తినడానికి ఏముంటుందో ముందు అది కనుక్కో" అంది.

అక్క అడిగింది నిజంగా అవసరమైన ప్రశ్న. బీఫ్ తినని మనవాళ్లు ఈ చోట్లకు వెళ్లే ముందు ఫోన్ చేసి అడిగి తీరాలి. టర్కీ బ్రెస్ట్ (టర్కీ కోడి రొమ్ము మాంసం), పోర్క్ రిబ్స్ (పంది పక్కటెముకలు) దాదాపు అన్నిచోట్లా దొరుకుతాయి, వాటితో ఇబ్బంది లేదు. సాసేజ్ దగ్గరే చిక్కు. మధ్య టెక్సస్‌లో చాలా కొట్లలో సాసేజ్‌ను బీఫ్, పోర్క్ కలిపి చేస్తారు. పేరు చూస్తే ఆ సంగతి తెలియదు. చిక్కుడుగింజల్లా కనిపించే పింటో బీన్స్‌లో కూడా బ్రిస్కెట్ తుంపులు వేసే అలవాటుంది. నేను ఫోన్ చేస్తే అటువైపు అమ్మాయి ఓపిగ్గా అన్నీ చెప్పింది. సాసేజ్‌లో బీఫ్ ఉందని, బీన్స్‌లోనూ ఉందని, కౌంటర్ దగ్గర అడిగితే టర్కీని వేరే చెక్క మీద, వేరే కత్తితో కోసిస్తారని చెప్పింది. అన్నట్టుగానే ఇచ్చారు కూడా. ఆ రోజు నాకు బాగా నచ్చిన విషయాల్లో ఇదొకటి.

శనివారం తెల్లవారకముందే, నా శ్రీమతితో కలిపి నలుగురం బయల్దేరాం. మేం చేరేసరికే మడత కుర్చీలు వేసుకుని జనం కూర్చుని ఉన్నారు. తలుపులు తెరిచేది పదకొండింటికి. మా ముందు హ్యూస్టన్ నుంచి వచ్చిన జంట, వెనక కాలేజీ పిల్లలు. టెక్సస్ ఎండ సంగతి తెలిసినవాళ్లు కాబట్టి అందరి దగ్గరా టోపీలు, నీళ్ల సీసాలు, ఐస్ పెట్టెలు ఉన్నాయి. గాలి మావైపు తిరిగినప్పుడల్లా పోస్ట్ ఓక్ పొగ వాసన వచ్చేది. ఇక్కడ పెరిగే ఓక్ చెట్లలో అదొక రకం. ఆ కట్టెను బాగా ఆరబెట్టి మండిస్తే పొగ పల్చగా, నీలంగా వస్తుంది. అలాంటి పొగ మాంసానికి చేదు పట్టించదు. తెల్లగా దట్టంగా వచ్చే పొగ అయితే నాలుక మీద మసి రుచి మిగులుతుంది. ఆ ఉదయం గొట్టాల్లోంచి వస్తున్న పొగ సరిగ్గా ఉండాల్సినట్టే ఉంది. చూడగానే ఎంతో సంతోషమేసింది.

బావగారు లైన్లో కూర్చోలేక కంచె దాకా వెళ్లారు. రాత్రి షిఫ్ట్ ముగించుకుని బయటికొస్తున్న కుర్రాడొకడు ఆయన ఆసక్తి చూసి మమ్మల్ని దగ్గరికి పిలిచి పిట్‌లు చూపించాడు. పాత ప్రొపేన్ ట్యాంకులను కోసి చేసిన పొడవాటి పొయ్యిలవి. ఒక్కొక్కటి వెయ్యి గ్యాలన్ల ట్యాంకు. కుర్రాడి చేతుల నిండా చిన్న చిన్న కాలిన మచ్చలు. రాత్రంతా అరగంటకోసారి కట్టె వేస్తూ, వేడి 250 నుంచి 275 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య నిలబెట్టాలట. అంటే సుమారు 120 నుంచి 135 సెల్సియస్. మరి బ్రిస్కెట్లు ఎప్పుడు ఎక్కిస్తారని అడిగాను. "ఈరోజు అమ్మేవాటిలో మొదటి బ్యాచ్ నిన్న పొద్దున ఎక్కించాం, రాత్రికి దిగింది. అప్పట్నుంచి వెచ్చగా ఉంచే పెట్టెలో, అంటే వార్మర్‌లో ఉంది. రెండో బ్యాచ్ తెల్లవారుజామున దిగింది" అన్నాడు. వార్మర్ ఎంత వేడి మీద పెడతారంటే, అది పగటి షిఫ్ట్‌వాళ్లు చూసుకుంటారని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ మాట అప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు. దిగిన బ్రిస్కెట్‌ను గంటల తరబడి వెచ్చగా ఉంచడం ఇప్పుడు మంచి మంచి చోట్ల కూడా చేస్తున్నారు. సరిగ్గా చేస్తే మాంసం ఇంకా మెత్తబడుతుంది.

ఎండ ఎక్కుతుంటే బావగారు అడిగిన ప్రశ్నలన్నిటికీ నాకు తెలిసింది చెప్పాను. బ్రిస్కెట్ అంటే పశువు రొమ్ము భాగం. పశువులకు మనకున్నట్టు మెడ దగ్గర అడ్డ ఎముక ఉండదు. ముందు భాగం బరువులో చాలావరకు ఈ కండలే మోస్తాయి. అందుకే అది గట్టి మాంసం. మామూలుగా వండితే నమలలేం. అందులో కండను పట్టి ఉంచే కొలాజెన్ అనే గట్టి పదార్థం ఎక్కువ. ఆ కొలాజెన్ కరిగి మెత్తటి జెలటిన్‌గా మారాలంటే గంటలు గంటలు సన్న వేడి తగలాలి. లోపలి వేడి 150, 160 ఫారెన్‌హీట్ దాకా చకచకా పెరిగి, అక్కడ ఆగిపోతుంది. పైనున్న తేమ ఆవిరవుతూ మాంసాన్ని చల్లబరుస్తుంటుంది కాబట్టి గంటల తరబడి థర్మామీటర్ ముల్లు కదలదు. కొత్తగా వండేవాళ్లకు అక్కడే టెన్షన్ మొదలవుతుంది. చాలామంది ఆ దశలో మాంసం చుట్టే కాగితంలో (బుచర్ పేపర్) చుట్టి మళ్లీ పెడతారు. చివరికి 200 దాటాక, పుల్ల గుచ్చితే వెన్నలోకి దిగినట్టు దిగితే అప్పుడు దించుతారు. ఉప్పు, మిరియాలు తప్ప మసాలా ఏమీ ఉండదు. "అల్లం వెల్లుల్లి కూడా లేకుండానా?" అని అక్క ఆశ్చర్యపోయింది.

ఈ పద్ధతి మధ్య టెక్సస్‌లో జర్మన్, చెక్ వలసదారుల మాంసం కొట్లలో పుట్టింది. 19వ శతాబ్దం చివర్లో ఫ్రిజ్‌లు లేని కాలంలో, అమ్ముడుపోని మాంసాన్ని పొగబెట్టేవాళ్లు, సాసేజ్ చేసేవాళ్లు. పత్తి ఏరడానికి వచ్చిన కూలీలు కొని, కాగితం మీదే పెట్టుకుని, బ్రెడ్డు, ఉల్లిపాయ, ఊరబెట్టిన దోసకాయతో అక్కడికక్కడే తినేవాళ్లు. ఇప్పటికీ కాగితం మీద వడ్డించడం, పౌండ్ల లెక్కన తూచి అమ్మడం ఆ అలవాటే. లాక్‌హార్ట్ అనే చిన్న ఊళ్లో క్రాయిట్స్ మార్కెట్ 1900లో మొదలైంది, బ్లాక్స్ 1932లో. ఆ ఊరిని టెక్సస్ శాసనసభ 1999లో రాష్ట్రానికి బార్బెక్యూ రాజధానిగా ప్రకటించింది. టేలర్‌లో లూయీ మ్యూలర్ 1949 నుంచి ఉంది. ఇవన్నీ మా ఇంటి నుంచి కారులో వెళ్లి రాగల దూరాలు.

ఇవన్నీ ఒకప్పుడు ఊరి మట్టుకు వండిన కొట్లు. కౌంటర్ దగ్గరికి మనిషి రాగానే మాంసం కోసిచ్చేవాళ్లు, మధ్యాహ్నానికి అయిపోయేది. తర్వాత పరిస్థితి మారింది. టెక్సస్ మంత్లీ పత్రిక కొన్నేళ్లకోసారి రాష్ట్రంలో అత్యుత్తమమైన 50 బార్బెక్యూల జాబితా వేస్తుంది. 2008లో లెక్సింగ్టన్ అనే చిన్న ఊళ్లో శనివారం మాత్రమే తెరిచే స్నోస్‌కు మొదటి స్థానం ఇచ్చేసరికి దేశం నలుమూలల నుంచి జనం అక్కడికి వచ్చిపడ్డారు. ఆస్టిన్‌లో 2009లో చిన్న ట్రైలర్‌తో మొదలైన ఫ్రాంక్లిన్ బార్బెక్యూ యజమాని ఆరన్ ఫ్రాంక్లిన్‌కు 2015లో, అమెరికాలో వంటవాళ్లకిచ్చే పేరున్న జేమ్స్ బియర్డ్ అవార్డు వచ్చింది. 2024 నవంబరులో, మంచి రెస్టారెంట్లను ఎంచి స్టార్లు ఇచ్చే మిషలిన్ గైడ్ టెక్సస్‌కు వచ్చి నాలుగు బార్బెక్యూ రెస్టారెంట్లకు ఒక్కో స్టార్ ఇచ్చింది. పేరు రావాల్సిందే, అందులో నాకు సందేహం లేదు. ఇంత కష్టపడే వంటవాళ్లకు గుర్తింపు వస్తే సంతోషమే. కాకపోతే పేరుతో పాటు లైను పెరుగుతుంది. లైను పెరిగితే బ్రిస్కెట్లు ఎక్కువ ఎక్కించాలి, ముందే ఎక్కించాలి, ఎక్కువ సేపు దాచాలి. నిప్పు కాసే పనివాళ్లను పెంచుకున్నంత తేలిగ్గా, కోసే చేతులను పెంచుకోలేరు.

మేం తలుపు దాటి లోపలికి వెళ్లేసరికి మధ్యాహ్నం దాటింది. కౌంటర్ దగ్గర ఇద్దరు కోస్తున్నారు. ఒకాయన జుట్టు నెరిసిన మనిషి. బ్రిస్కెట్‌ను కాగితంలోంచి తీసి, అరచేత్తో ఒకసారి తాకి చూసి, కత్తి పెట్టేవారు. హ్యూస్టన్ జంట ఆయన దగ్గరికి వెళ్లింది. మాకు పక్కనున్న కుర్రాడు వచ్చాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. కానీ అతని ముందున్న చెక్క మీద అప్పటికే సగం కోసిన బ్రిస్కెట్ ఉంది. దాని కోసిన ముఖం వేడి దీపం కింద బూడిద రంగుకు తిరిగి, ఆరి ఉంది. పక్కనే ముందే కోసి పెట్టిన ముక్కల కుప్ప.

బ్రిస్కెట్‌లో రెండు కండలుంటాయి. పల్చగా, కొవ్వు తక్కువగా ఉండేదాన్ని ఫ్లాట్ అంటారు. మందంగా, కొవ్వు నిండిన రెండోది పాయింట్. రెండింటిలో మాంసపు పోగులు రెండు వేర్వేరు దిక్కుల్లో నడుస్తాయి. పోగుకు అడ్డంగా కోస్తేనే ముక్క నోట్లో విడిపోతుంది. అందుకే ఫ్లాట్ అయిపోయి పాయింట్ దగ్గరికి రాగానే మాంసాన్ని పక్కకు తిప్పి కోయాలి. నేను "సగం ఫ్లాట్, సగం పాయింట్, కొత్తగా కోసివ్వగలరా" అని అడిగాను. అతను తలూపి, కుప్పలోంచే కొన్ని ముక్కలు తీశాడు. మిగతావి అదే సగం బ్రిస్కెట్‌ను తిప్పకుండా కోసి వేశాడు. వెనక లైను తలుపు అవతలి దాకా ఉంది. అతని నుదుటి మీద చెమట. నేను ఇంకేమీ అనలేదు.

బ్రిస్కెట్ పౌండు 36 డాలర్లు. ముగ్గురికి పౌండున్నర బ్రిస్కెట్, అక్క కోసమని పౌండు టర్కీ, పౌండు రిబ్స్, మూడు సాసేజ్‌లు, పొటాటో సలాడ్, కోల్‌స్లా, మంచినీళ్లు, కూల్‌డ్రింకులు. పన్నూ టిప్పూ కలిపి 200 డాలర్ల దాకా అయింది. ధర దోపిడీ అని నేననను. పచ్చి బ్రిస్కెట్ కొవ్వు చెక్కేసి, వండి దించేసరికి బరువులో దాదాపు సగమే మిగులుతుంది. పైగా అమెరికాలో పశువుల సంఖ్య 1951 తర్వాత ఎన్నడూ లేనంతగా పడిపోయింది. బీఫ్ ధరలు రెస్టారెంట్లవాళ్ల చేతుల్లో లేవు. ఆ ధర పెట్టడానికి నేను సిద్ధపడే వెళ్లాను.

బల్ల దగ్గర కూర్చున్నాక మొదట బావగారికి ఫ్లాట్ ముక్క ఇచ్చాను. ఆయన వీడియోలో చూసినట్టు వేలి మీద వేలాడదీశారు. అది మధ్యకు విరిగి పళ్లెంలో పడింది. నోట్లో పెట్టుకుని కాసేపు నమిలి, నీళ్లు తాగారు. "వాసన బాగుందయ్యా" అన్నారు. వేరే ఏమీ అనలేదు. నా మనసు చివుక్కుమంది. అంత దూరం నుంచి వచ్చి, అంతసేపు ఎండలో నిలబడిన మనిషి, నేను నొచ్చుకుంటానని ఆ ఒక్కటే వెతుక్కుని చెప్పారు.

నేనూ తిన్నాను. ఆయన చెప్పింది నిజమే. పొగ శుభ్రంగా పట్టింది, చేదు లేదు. మిరియాలు సమంగా ఉన్నాయి. అంచు కింద ఎర్రటి వలయం చక్కగా ఉంది. ఆ వలయం పొగలోని నైట్రిక్ ఆక్సైడ్ మాంసానికి ఎరుపునిచ్చే మయోగ్లోబిన్‌తో కలవడం వల్ల వచ్చే రంగు మాత్రమే, దాంతో రుచి రాదు. కానీ జనం ఫొటో తీసేది దాన్నే. ఫ్లాట్ లోపల తేమ అన్నది లేదు. దారాలు దారాలుగా పొడిబారి ఉంది. పాయింట్ ఇందుకు పూర్తిగా విరుద్ధం. మెత్తబడిపోయి, పట్టుకుంటే చిదికిపోతోంది. తిప్పకుండా కోసిన చోట మాత్రం పొడవాటి పీచు పంటికి చిక్కుతోంది. పైన పెళుసుగా ఉండాల్సిన నల్లటి పెచ్చు తడిసి, వేలితో గీస్తే ఊడి వస్తోంది.

ఈ లక్షణాలన్నీ ఒకేచోట కనిపిస్తే కారణం ఊహించడం కష్టం కాదు. నిప్పు దగ్గర తప్పు జరగలేదు. దించాక వార్మర్‌లో ఉండాల్సిన దానికన్నా ఎక్కువ వేడి మీద, ఎక్కువ సేపు ఉంది. ఆహార భద్రత నిబంధనల ప్రకారం 135 ఫారెన్‌హీట్‌కు తగ్గకుండా ఉంచాలి. 140, 150 దగ్గర ఉంచితే మాంసం నిద్రపోతున్నట్టు ఉంటుంది. 170 దగ్గర పెడితే అది ఇంకా ఉడుకుతూనే ఉంటుంది. దమ్ అయిపోయిన బిర్యానీ హండీని సెగ మీదే మర్చిపోతే అడుగు అన్నం ఏమవుతుందో, రాత్రంతా ఆ వేడిలో బ్రిస్కెట్‌కూ అదే అవుతుంది. ఆపైన కోసిన ముక్కలు గాలికి వదిలేశారు. కోసిన బ్రిస్కెట్ నిమిషాల్లో ఆరిపోతుంది.

రిబ్స్‌కు తియ్యటి పూత దట్టంగా వేశారు. ఎముక పట్టుకుని లాగితే మాంసం మొత్తం ఊడి పడింది. అలా ఊడి పడటమే గొప్ప అని చాలామంది అనుకుంటారు. బార్బెక్యూ పోటీల్లో తీర్పరులు దాన్ని ఎక్కువ ఉడికిన లక్షణంగా లెక్కేస్తారు. కొరికిన చోట మాత్రమే మాంసం రావాలి, పంటి గుర్తు మిగలాలి. సాసేజ్ తోలు ముడతలు పడి ఉంది, లోపల గోరువెచ్చగా ఉంది. అక్క టర్కీ ఒక్కటే నిజంగా బాగుంది. దాన్ని వెన్నతో చుట్టి ఉంచుతారు, రసం పోలేదు. "మీ ఇద్దరూ అలా ముఖాలు వేలాడేశారేంటి, ఇది బాగుందిగా" అంది అక్క. ఇద్దరం అందులోంచే తలో రెండు ముక్కలు తిన్నాం.

చుట్టూ చూశాను. పక్క బల్లల మీద కూడా ఫ్లాట్ ముక్కలు మిగిలిపోయి ఉన్నాయి. సాస్ సీసాలు ఖాళీ అవుతున్నాయి. అంతా ఫొటోలు తీసుకుంటున్నారు. గంటల తరబడి లైన్లో నిలబడ్డాక "బాగాలేదు" అని పైకి అనడం కష్టం. నాకూ కష్టంగానే ఉంది. కానీ ఎవరూ చెప్పకపోతే లోపలివాళ్లకు తెలిసేదెలా? కోసేవాళ్లకు, వెనక వండేవాళ్లకు అవతలి మనిషి పళ్లెం కనిపించదు. ఖాళీ అయిన కౌంటర్ మాత్రమే కనిపిస్తుంది. అన్నీ అమ్ముడైపోయాయి కాబట్టి అన్నీ బాగున్నాయనే అనుకుంటారు. నా శ్రీమతి "గొడవ ఎందుకండీ, వెళ్లిపోదాం" అంది. గొడవ పెట్టుకోనని చెప్పి, రెండు ముక్కలు ఒక కాగితంలో పెట్టుకుని కౌంటర్ పక్కకు వెళ్లాను.

అక్కడి బాధ్యతలు చూసుకునే ఆవిడ బయటికొచ్చింది. డబ్బు వెనక్కి ఇవ్వమని అడగలేదు. నేను ఇంట్లో వండుతానని, పొగ చాలా బాగుందని, కానీ ఈ ముక్కలు దించాక చెడినట్టున్నాయని, ఒకసారి చూడమని అన్నాను. ఆవిడ ఫ్లాట్ ముక్కను రెండు వేళ్లతో నొక్కింది, కొద్దిగా తుంచి తింది. ముఖం మారింది. ఏమీ వాదించలేదు. నెరిసిన జుట్టాయన దగ్గరికి వెళ్లి ఏదో చెప్పింది. ఆయన వెనక నుంచి కొత్త బ్రిస్కెట్ తెప్పించి, కాగితం విప్పి, నా ఎదురుగానే ఒక ముక్క ఫ్లాట్‌లోంచి, మాంసాన్ని తిప్పి ఇంకో ముక్క పాయింట్‌లోంచి కోసి చేతికిచ్చారు. అది తెల్లవారుజామున దిగిన రెండో బ్యాచ్ అని ఆవిడ చెప్పింది.

ఫ్లాట్ ముక్క వేలి మీద వంగింది, విరగలేదు. రెండు చేతులా మెల్లగా లాగితే తెగింది. అలాగే తెగాలి. పెచ్చు పంటి కింద చిటపటలాడింది. పాయింట్‌లో కొవ్వు కరిగి, ఆకారం చెడకుండా నిలబడింది. ఉప్పు, మిరియం, ఓక్ పొగ, బీఫ్, ఈ నాలుగూ వేటికవి తెలుస్తున్నాయి. నేనంతకు ముందు బయట తిన్న వాటిలో అంత మంచి బ్రిస్కెట్ తక్కువే. అవే పిట్‌లు, అవే కట్టెలు. రాత్రంతా ఆ కుర్రాడు కాసి వండింది ఇదే. బావగారిని పిలిచి రెండో ముక్క ఆయనకిచ్చాను. తిని, కళ్లు మూసుకుని, "మరి ఇది అందరికీ ఎందుకు పెట్టరు?" అని తెలుగులోనే ఆవిడను అడిగేశారు. నేను ఇంగ్లిషులో చెప్పాను.

ఆవిడ నిజాయతీగానే సమాధానం చెప్పింది. శనివారాలు రద్దీ తట్టుకోవడానికి మొదటి బ్యాచ్ బాగా ముందే దించేస్తున్నామని, రెండు వార్మర్లలో ఒకటి ఎక్కువ వేడెక్కుతోందని అనుమానం ఉందని, లైను త్వరగా కదలాలని కొత్తగా వచ్చినవాళ్లు ముందే కోసి పెట్టుకుంటున్నారని చెప్పింది. మాకు అర పౌండు కొత్తది పొట్లం కట్టించి ఇచ్చింది. క్షమాపణ కూడా చెప్పింది. ఆవిడంటే నాకు గౌరవం కలిగింది. అయినా నా బాధ అక్కడితో తీరలేదు, ఇంకా పెరిగింది. వండటం రాని చోట చెడ్డ తిండి దొరికితే మర్చిపోవచ్చు. వండటం ఇంత బాగా వచ్చినవాళ్లు, గంటల తరబడి నిప్పు కాసి చేసిన పనిని దించాక పాడుచేసి, తూచి అమ్మడం మాత్రం మింగుడు పడలేదు. ఆ ఉదయం నుంచి మొదటి బ్యాచ్ తిని వెళ్లిపోయిన వాళ్లందరికీ మాకు దొరికినట్టు రెండో ముక్క దొరకలేదు కదా.

నా అభిప్రాయం అడిగితే, అలాంటి వార్మర్ ఉన్న రోజున సగమే అమ్మి "అయిపోయింది" అని బోర్డు పెట్టేయాలి. మధ్య టెక్సస్‌లో ఆ బోర్డుకు ఎవరూ నొచ్చుకోరు. మధ్యాహ్నానికే అయిపోవడం ఇక్కడ మర్యాద తక్కువ పని కాదు, ఎప్పట్నుంచో ఉన్న పద్ధతి.

ఇక మీరెవరైనా వెళ్తుంటే నాకు తోచింది చెబుతాను. వీలైతే శనివారం వద్దు, మామూలు రోజు వెళ్లండి. కౌంటర్ దగ్గర చెక్క మీదికి ఒకసారి చూడండి. కోసిన ముఖం బూడిద రంగులో ఆరిపోయి ఉంటే, కొత్తది విప్పేదాకా ఆగుతామని చెప్పి వెనకవాళ్లను ముందుకు పంపండి. చాలాచోట్ల అడిగితే ఒక చిన్న తుంపు రుచి చూపిస్తారు, అడగడానికి మొహమాటపడక్కర్లేదు. మొదటిసారి తినేవాళ్లకు పాయింట్ అడగండి. వాళ్ల భాషలో మాయిస్ట్ అనో ఫ్యాటీ అనో అంటే అదే. కాస్త అటూ ఇటూ అయినా అది ఫ్లాట్ అంత త్వరగా ఎండిపోదు. ఇంటికి పట్టుకెళ్లేటట్టయితే కోయకుండా ముద్దగానే తీసుకుని, తినబోయే ముందు పోగుకు అడ్డంగా కోసుకోండి. బీఫ్ తినని పెద్దవాళ్లు వెంట ఉంటే ముందురోజే ఫోన్ చేసి సాసేజ్ సంగతి, బీన్స్ సంగతి, కత్తీ చెక్కా సంగతి కనుక్కోండి. బాగాలేకపోతే తినేసి వచ్చాక రివ్యూ రాయడం కన్నా అక్కడే, ఆ మాంసం చేతిలో ఉన్నప్పుడే చెప్పడం వాళ్లకూ మనకూ ఉపయోగం.